స్టేషన్‌లో ఎవరుంటారు? (వాడ నుంచి బడిదాకా – 9)

ర్యాంకులొచ్చాయి. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజులివి. ఈ పదిహేను రోజులుగా మా స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొస్తున్న అమ్మానాన్నల్లో ఎక్కువమంది మన వాడల వాళ్లే. అందరిదీ ఒకటే ప్రశ్న. "సార్, మా పిల్ల అంత దూరం పోయి చదువుతానంటోంది. పంపమంటారా?"

వాళ్లు వెళ్లాక పక్క సీటాయన నవ్వుతాడు. "ఈ రోజుల్లో కూడా ఇదేం భయమండీ? పిల్లలు అమెరికా పోతుంటే వీళ్లు పక్క రాష్ట్రానికి వణుకుతున్నారు. ఎక్స్‌పోజర్ లేదు" అంటాడు.

ఆ మాట వినీ వినీ ఈ భాగం రాస్తున్నాను. మన అమ్మానాన్నల భయం తెలియనితనం వల్ల వచ్చింది కాదు, బాగా తెలిసి వచ్చింది. ఆ భయానికి నూట ఇరవై ఏళ్ల పైబడిన రాసిపెట్టిన చరిత్ర ఉంది. రాసిపెట్టినవాడు సాక్షాత్తూ బాబాసాహెబ్.

1901, మాసూరు స్టేషన్

'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని అంబేద్కర్ తన అనుభవాలు రాసుకున్న చిన్న పుస్తకం ఉంది. అది మొదలయ్యేదే ఒక ప్రయాణంతో. తండ్రి రాంజీ సక్పాల్ కోరెగావ్‌లో క్యాషియర్. అక్కడ కరువు పనుల కింద చెరువు తవ్విస్తున్నారు. పిల్లలు సతారాలో ఉంటున్నారు. తల్లి అప్పటికే లేదు. సెలవులకు నా దగ్గరికి రండి అని తండ్రి జాబు రాశాడు. భీమ్‌రావు, అన్న, చనిపోయిన అక్క కొడుకులు ఇద్దరు బయల్దేరారు. కొత్త చొక్కాలు వేసుకున్నారు. జలతారు టోపీలు పెట్టుకున్నారు. కొత్త బూట్లు తొడుక్కున్నారు. చేతిలో డబ్బుంది. మూటలో అన్నం ఉంది. రైలెక్కడం వాళ్లకి అదే మొదటిసారి.

మాసూరులో దిగారు. తండ్రి రాలేదు, మనిషినీ పంపలేదు. రైలు వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. మంచి బట్టల్లో ఉన్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టరు దగ్గరికొచ్చి ఎవరు బాబూ మీరు అని పలకరించాడు. మహార్లం అని పిల్లలు నిజం చెప్పారు. ఆయన మొహం మారిపోయింది, వెనక్కి వెళ్లిపోయాడు. బయట అద్దె బండ్లు వరసగా ఉన్నా ఒక్కడూ ఎక్కించుకోలేదు. చివరికి కుదిరిన బేరం ఏమిటంటే, రెట్టింపు కిరాయి పిల్లలివ్వాలి, బండి కూడా పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడిచి వస్తాడు. దారిలో చీకటి పడింది. మూటలో అన్నం ఉంది కానీ తాగడానికి నీళ్లు లేవు. టోల్ గేటు దగ్గర ముసల్మాన్లమని చెప్పినా గుక్కెడు నీళ్లు పుట్టలేదు. అన్నం పక్కన పెట్టుకుని ఆకలితో పడుకున్నారు. మర్నాడు ఇల్లు చేరాక అసలు సంగతి తెలిసింది. వస్తున్నామని పిల్లలు రాసిన ఉత్తరం అందిందిగానీ, పనివాడు దాన్ని రాంజీ చేతికివ్వడం మరిచిపోయాడు.

ఈ కథ మనం జయంతి సభల్లో నీళ్లివ్వలేదు అన్న ఒక్క ముక్క కోసమే చెప్పుకుంటాం. ఇంకో ముక్క కూడా ఉంది. ఆ పిల్లల దగ్గర బట్టలు, డబ్బు, తిండి అన్నీ ఉన్నాయి. లేనిదల్లా స్టేషన్‌లో ఎదురుచూసే ఒక మనిషి. మన పిల్ల దూరం పోవడమంటే ఏమిటో, మన అమ్మానాన్నలు దేనికి భయపడతారో అంతా అందులోనే ఉంది.

బరోడా దగ్గరా, న్యూయార్క్ దగ్గరా?

ఆ తర్వాత రాంజీ కుటుంబంతో బొంబాయి వచ్చేశాడు. పరేల్‌లో కార్మికులుండే చాల్‌లో ఒకే గది. కొడుకుని పెందలాడే పడుకోబెట్టి, తను మేలుకుని, రాత్రి రెండింటికి చదువుకు లేపేవాడు. పుస్తకాలకు డబ్బు చాలకపోతే పెళ్లయిన కూతుళ్ల ఇంటికి పోయి నగ అడిగి తెచ్చి కుదువపెట్టేవాడని అంబేద్కర్ జీవితచరిత్ర చదివినవాళ్లందరికీ తెలుసు. 1907లో మెట్రిక్. బరోడా మహారాజు ఇచ్చిన నెలకు 25 రూపాయల సాయంతో 1912లో బి.ఏ.

1913 జనవరిలో కొడుకు బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోతానన్నాడు. రాంజీకి ఇష్టం లేదు. కొడుకు వినలేదు, వెళ్లాడు. కొద్దిరోజులకే నాన్నకు బాగాలేదని తంతి. తిరుగుదారిలో నాన్న కోసం మిఠాయి కొందామని సూరత్ స్టేషన్‌లో దిగాడు, రైలు తప్పిపోయింది. మర్నాడు ఇల్లు చేరేసరికి తండ్రి ఆఖరి క్షణాల్లో ఉన్నాడు. ఫిబ్రవరి 2న రాంజీ పోయాడు. అదే ఏడాది జులైలో అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదవడానికి న్యూయార్క్ చేరాడు. రమాబాయి, ఏడాది కూడా నిండని యశ్వంత్ ఇక్కడే ఉండిపోయారు.

సముద్రాలు దాటిపోయిన ఆ కుర్రాడికి న్యూయార్క్‌లో ఉండటానికి గది దొరికింది. కూర్చోడానికి లైబ్రరీలో కుర్చీ దొరికింది. విదేశాల్లో ఉన్నంతకాలం తాను అంటరానివాడినన్న సంగతే మనసులోంచి చెరిగిపోయిందని ఆయనే రాసుకున్నాడు. 1917లో అదే మనిషి, ఇన్ని చదువులు చదివి, ఉద్యోగంలో చేరడానికి బరోడాలో రైలు దిగాడు. ఒక్క ఇల్లు అద్దెకు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో తలదాచుకున్నాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకున్న డజను మంది పార్సీలు వచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. హిందూ మిత్రుడూ చోటివ్వలేదు, క్రైస్తవ మిత్రుడూ ఇవ్వలేదు. రాత్రి బొంబాయి రైలు వచ్చేదాకా పార్కులో కూర్చున్నాడు.

బొంబాయి నుంచి బరోడాకి ఒక రాత్రి ప్రయాణం. న్యూయార్క్‌కి వారాల ఓడ ప్రయాణం. ఏది దూరం? మనకి దూరం కిలోమీటర్లలో తేలదు, అవతల తలుపు తీసే మనిషిని బట్టి తేలుతుంది. మా స్టాఫ్‌రూమ్‌లో నవ్వే పెద్దమనిషి కొడుకు డల్లాస్‌లో దిగితే బాబాయి కొడుకు కారేసుకుని ఎయిర్‌పోర్టుకొస్తాడు. కులసంఘం వాళ్లు రూమ్ చూసిపెడతారు. ఆయన ఎక్స్‌పోజర్ అంటున్నది దాన్నే. మన పిల్లకి ఆ ఊళ్లో ఎవరున్నారు?

ట్రంకుపెట్టె చరిత్ర

మన తెలుగు నేల మీద పిల్లల్ని దూరం పంపి చదివించడం మన తాతముత్తాతలు ఎక్కడ నేర్చుకున్నారు? మిషన్ కాంపౌండ్ల దగ్గర. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో కొంత ముక్క కాంట్రాక్టు తీసుకుని మాదిగ పేటల జనానికి కూలి చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ వెనకే పల్లెల నుంచి పిల్లలు నడిచి బోర్డింగ్ బళ్లకు పోయారు.

పంపిన తల్లి ఏం లెక్క వేసుకుని ఉంటుంది? ఊరి బడిలో అయితే అరుగు కింద, ఎండలో, గోనెపట్టా మీద కూర్చోవాలి. కరువులో ఇంట్లో గింజ లేదు. అక్కడైతే పిల్లాడికి కప్పు కింద చోటు, పూటకింత తిండి, పలక. దాని ఖరీదు కూడా ఆ తల్లే కట్టింది. పిల్లాడి పేరు మారింది. ఇంట్లో కొలిచే ఎల్లమ్మ, పోలేరమ్మ వాడికి పరాయివాళ్లయ్యారు. సెలవులకొచ్చిన కొడుకు మాట్లాడే మాట అమ్మకు కొత్తగా వినిపించింది. అయినా పంపింది. అవతల గేటు దగ్గర పేరు రాసుకుని లోపలికి తీసుకునే మనిషి ఉన్నాడు కాబట్టి పంపింది.

తర్వాత ఆ గేటు సర్కారుదయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920 నుంచి లేబర్ శాఖ ఈ పని మొదలుపెట్టింది. స్వాతంత్ర్యం తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టళ్లు వచ్చాయి. మూత మీద తెల్లరంగుతో పేరు, తరగతి రాసిన ట్రంకుపెట్టె, సత్తు పళ్లెం, గ్లాసు, దుప్పటి. ఆదివారం పూట కూలి మానుకుని, జంతికలో మరమరాలో మూటకట్టుకుని గేటు బయట చెట్టు కింద కూర్చున్న అమ్మలు. నేనూ ఆ పెట్టె మోసినవాణ్నే. పురుగుల అన్నం, నీళ్ల చారు గురించి మన కవులు, కథకులు చాలా రాశారు, రాయాల్సిందే. కానీ ఆ హాస్టలే లేకపోతే నాలాంటివాడు డాక్టరేట్ దాకా కాదు, పదో తరగతి దాకా కూడా వచ్చేవాడు కాదు.

స్టేషన్ తెలిసినవాడు ముందు హాస్టల్ కట్టాడు

కొల్హాపూర్‌లో సాహు మహారాజ్ 1908లోనే అంటరాని పిల్లల కోసం మిస్ క్లార్క్ హాస్టల్ పెట్టించాడు. 1924లో అంబేద్కర్ బహిష్కృత హితకారిణి సభ స్థాపించాడు. ఆ సభ తొలి పనుల్లో ఒకటి, 1925లో షోలాపూర్‌లో తెరిచిన హాస్టల్. మాసూరు స్టేషన్‌లో నిలబడ్డ పిల్లాడు పెద్దవాడై, ఇంకో పిల్లాడు అలా నిలబడకుండా చేసిన ఏర్పాటు అది. వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉండగా పట్టుబట్టి మన పిల్లల పైచదువులకు ఏటా 3 లక్షల రూపాయలు సాధించాడు. ఇప్పుడు మనం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటున్నది 1944లో మొదలైంది. ఆ తర్వాత 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాద్‌లో కాలేజీ.

ఈ వరస చూడండి. హాస్టల్, స్కాలర్‌షిప్, కాలేజీ. పిల్లల్ని ధైర్యంగా పంపండి అని ఉపన్యాసం ఇచ్చి ఊరుకోలేదాయన. అమ్మానాన్నలకు ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినవాడు కాబట్టి అది కట్టి చూపించాడు.

తల్లులు కోర్టుకెక్కిన కాలం

కట్టినదాన్ని ఇప్పుడు ఎలా కూలుస్తున్నారో కూడా చరిత్రే. ఎయిమ్స్‌లో మన పిల్లల పరిస్థితి మీద 2007లో సుఖదేవ్ థోరట్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు వేధింపులకు తాళలేక హాస్టల్లో కొన్ని అంతస్తులకే చేరిపోతున్నారని అందులో ఉంది. దేశంలోకెల్లా పెద్ద వైద్య కళాశాలలో కూడా వాడ తయారైందన్నమాట.

రాధిక వేముల గుంటూరులో కుట్టుమిషన్ తొక్కి పిల్లల్ని చదివించింది. కొడుకు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చేరాడు. నెలల తరబడి ఫెలోషిప్ ఆగింది. ఐదుగురిని హాస్టల్ నుంచి గెంటేస్తే ఆ పిల్లలు క్యాంపస్‌లోనే గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ మనకి లేకుండా పోయాడు. 2019 మేలో ముంబైలో పీజీ చేస్తున్న ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వి పోయింది. అదే ఏడాది ఆ ఇద్దరి తల్లులు, రాధిక, అబేదా కలిసి సుప్రీంకోర్టుకెళ్లారు. క్యాంపస్‌లలో కులవివక్షను ఆపే గట్టి ఏర్పాటు కావాలని అడిగారు. తమ పిల్లలు తిరిగిరారని వాళ్లకి తెలుసు. మన పిల్లలు దిగబోయే స్టేషన్‌లో ఎవరో ఒకరు ఉండాలని వెళ్లారు.

2024లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక దినకూలీ కొడుకు అతుల్ కుమార్‌కు ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చింది. కట్టాల్సింది 17,500 రూపాయలు. గడువు జూన్ 24 సాయంత్రం 5 గంటలు. ఊళ్లో చేబదులు పోగుచేసేసరికి ఆఖరి నిమిషాలయ్యాయి, కట్టేలోపు పోర్టల్ మూసుకుపోయింది. ఆ కుర్రాడు కమిషన్లూ కోర్టులూ తిరిగి తిరిగి సెప్టెంబర్ 30న సుప్రీంకోర్టులో సీటు గెలుచుకున్నాడు. ర్యాంకు తెచ్చుకోవడానికి పడ్డ కష్టం చాలనట్టు, 17,500 కోసం మూడు నెలల పోరాటం. స్కాలర్‌షిప్ ఆలస్యమైందనీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలున్నాయనీ అంటే కొందరికి అదొక బడ్జెట్ వార్త. మన ఇంట్లో అది పిల్ల ప్రయాణం ఆగిపోవడం. ఫీజు పూర్తిగా కడితేగానీ సర్టిఫికెట్ ఇవ్వమన్న కాలేజీల గేట్ల ముందు నిలబడ్డ తండ్రులు నాకు ఏటా కనిపిస్తారు.

పంపమంటారా?

పంపండి. నా జవాబు ఎప్పుడూ ఇదే. ముఖ్యంగా ఆడపిల్లని. ఎందుకంటే భయానికి చరిత్ర ఉందని ఇంత చెప్పాక, ఆ చరిత్రనే అడ్డం పెట్టి, కొడుకుని వైజాగ్ పంపి కూతుర్ని ఊరి పక్క డిగ్రీ కాలేజీలో చేర్పించే ఇళ్లు మనలోనూ ఉన్నాయి. భయం ఇద్దరికీ ఒకటే అయినప్పుడు ఆగిపోయేది ఒక్కతే ఎందుకవ్వాలి?

కాకపోతే పంపే ముందు అడగండి. హాస్టల్ సీటు ఖాయమా, లేక తర్వాత చూద్దామంటున్నారా? స్కాలర్‌షిప్ పడేదాకా ఫీజుకు ఆగుతారా? ఆ క్యాంపస్‌లో ఎస్సీ, ఎస్టీ సెల్ కాగితం మీదే ఉందా, దానికో గది, ఓ మనిషి ఉన్నారా? అంబేద్కర్ విద్యార్థి సంఘం ఉందా? ఈ ప్రశ్నలు అడగడానికి ఇంగ్లీషు రావక్కర్లేదు, మొహమాటం లేకపోతే చాలు.

ఇక మిగతా మనందరికీ. ఉద్యోగాలొచ్చి హైదరాబాద్‌లో, బెంగళూరులో, ఢిల్లీలో స్థిరపడిన వాళ్లం వేలమందిమి ఉన్నాం. జయంతికి ఫ్లెక్సీ కడుతున్నాం, మంచిదే. ఈ జులైలో మనముండే ఊరికి మన వాడ పిల్ల వస్తోందని తెలిస్తే, ఆ రైలు టైముకు స్టేషన్‌కి వెళ్దాం. పెట్టె అందుకుందాం. హాస్టల్ గది దొరికేదాకా మనింట్లో ఓ చాప పరుద్దాం. పిల్ల చేరిందమ్మా, అన్నం తింటోంది అని వాళ్ల అమ్మకి మనమే ఫోన్ చేసి చెబుదాం. రాంజీకి అందని ఉత్తరం అదే.

ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో, ఏ రోజు స్టేషన్‌కి వెళ్లగలరో కింద రాయండి. వచ్చే భాగంలో సంక్షేమ హాస్టళ్ల వార్డెన్ల గురించి.

జై భీమ్.