గాలివానకు కూలిన చెట్టు: అనుమతి చట్టముల చరిత్ర

నల్లజర్ల పశ్చిమ గోదావరి మెట్టసీమలోని ఊరు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట అది తూర్పు గోదావరిలో చేరినది. తుఫాను వెలిసిన మరునాడు ఈ మెట్టచేలలో ఒక దృశ్యము, దిగువన కొల్లేటి దాపున మరియొక దృశ్యము కనబడును. గట్టినేలలో లోతుగా పాతుకొన్న చెట్టు గాలి తాకిడికి నడిమి మ్రానున ఫెళ్లున విరుగును. వానకు నాని మెత్తబడిన నల్లరేగడిలోనిది వేళ్లు, మన్ను సహితముగా పెకలివచ్చును. గాలివేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి సుమారు నాలుగింతలగును. కనుకనే మామూలు ఈదురుగాలిని నిబ్బరముగా తట్టుకొన్న చింతమాను కూడ తుఫాను గాలికి నిలువలేదు.

ఇంతవరకు భౌతికశాస్త్రము. ఇక గొడ్డలి పట్టి నిలుచున్న రైతు మాట. చెట్టు తనది, నేల తన పట్టాది, పడగొట్టినది గాలి. అట్టి చెట్టును ముక్కలు చేసి బండికెత్తుటకు ఒకరి అనుమతి యెందుకు? ఈ ప్రశ్న నేటిది కాదు.

చెట్టును నరికినవానికి శిక్ష విధించుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన ఆచారము. కౌటిల్యుని అర్థశాస్త్రములో పురోద్యానములందలి పూలు, పండ్లు, నీడ నిచ్చు చెట్ల చిగుళ్లను త్రుంచినవానికి 6 పణములు, చిన్నకొమ్మను నరికినవానికి 12, పెద్దకొమ్మకు 24 పణములు జరిమానా చెప్పబడినది. మ్రానును నరికిన శిక్ష ఇంకను పెద్దది. గమనింపదగిన దేమనగా అక్కడ నేరము నరుకుట. గాలి చేసిన పనికి మనుష్యుని దండించు ఊహ అందులో లేదు.

ఆ ఊహకు దారితీసినది కలప వ్యాపారము. ఓడల నిర్మాణమునకు టేకు కావలసివచ్చినప్పుడు ఈస్టిండియా కంపెనీ 1806లో కెప్టెన్ వాట్సన్ అను నతనిని మలబారు ప్రాంతపు అడవులపై కన్సర్వేటరుగా నియమించెను. అతడు ప్రైవేటు భూములలోని చెట్లమీద కూడ అధికారము చెలాయించెను. రైతులు ఇంటి అవసరములకు కొట్టుకొను కట్టెకు సైతము అడ్డు వచ్చినది. జనులలో అసంతృప్తి ప్రబలగా, మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఆ పద్ధతిని గట్టిగా వ్యతిరేకించెను. 1823లో ఆ పదవియే రద్దయ్యెను. ప్రభుత్వము తానిచ్చిన అధికారమును తానే వెనుకకు తీసికొనుట అరుదు గనుక ఈ సంగతి జ్ఞాపకముంచుకొనదగినది.

తరువాత 1878 నాటి అటవీ చట్టము వచ్చినప్పుడు మద్రాసు ప్రభుత్వము దానిని అంగీకరింపలేదు. అడవులపై గ్రామస్థులకు గల వాడుక హక్కులను త్రోసిపుచ్చరాదని రెవిన్యూ బోర్డు వాదించెను. చివరకు డీట్రిచ్ బ్రాండిస్ సలహాతో 1882లో మద్రాసునకు వేరుగా అటవీ చట్టము ఏర్పడెను. జమీందారీ గ్రామాలలో 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టము జిరాయితీ రైతునకు తన కమతములోని చెట్లను అనుభవించు హక్కును, కొట్టుకొను హక్కును స్పష్టపరచినది.

చిక్కంతయు ఒక నిర్వచనములో నున్నది. 1927 నాటి భారత అటవీ చట్టము “కలప” అను మాటకు అర్థము చెప్పుచు, నరికిన చెట్లనే గాక, పడిపోయిన చెట్లను కూడ అందులో చేర్చెను. అనగా గాలికి కూలిన మరుక్షణమున చెట్టు చట్టము దృష్టిలో కలపగా మారును. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము కూడ ఈ మార్గమునే అనుసరించినది. దాని క్రింద 1970లో అటవీ ఉత్పత్తుల రవాణా నియమములు ఏర్పడినవి. కావున పొలములో చెట్టును కొట్టుట ఒక సంగతి, దుంగలను రంపపు మిల్లుకు చేర్చుట మరియొక సంగతి. మొదటిదానికి అడ్డులేకున్నను రెండవదానికి దారిలో పర్మిట్ అడుగవచ్చును. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ వంటి తోటల చెట్లకు మినహాయింపులు కలవు. టేకు మాట వేరు.

2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము, అనగా జనులు “వాల్టా” అని పిలుచునది, సొంత భూమిలోని చెట్టును కొట్టుటకు కూడ ముందుగా అనుమతి పొందవలెనని, కొట్టిన చెట్టుకు బదులు మొక్కలు నాటవలెనని విధించెను. తరగిపోవుచున్న చెట్లను కాపాడుటకు ఇది అవసరమే. అయితే నిలిచియున్న పచ్చని చెట్టును గూర్చిన విచారణ వేరు, నేలనున్న మ్రానును గూర్చిన విచారణ వేరు. 1976 నాటి కర్ణాటక చట్టము ఈ భేదమును బాగుగ గుర్తించినది: ఎండిన, తెగులు సోకిన, గాలికి పడిన చెట్ల విషయమున అనుమతి నిరాకరింపరాదని అందులో కలదు. 1994 నాటి ఢిల్లీ చట్టము మరియొక అడుగు ముందుకు వేసినది. ప్రాణమునకో, ఆస్తికో, రాకపోకలకో తక్షణ ప్రమాదము కలిగించు చెట్టును భూమి యజమాని వెంటనే కొట్టి, 24 గంటలలో అధికారికి తెలియజేసిన చాలును. ముందు పని, తరువాత కాగితము!

ఈ తొందర కేవలము రైతు సౌకర్యమునకు కాదు. జీవశాస్త్రము కూడ అదియే కోరుచున్నది. కూలిన మామిడి దుంగ తడితో పడియున్నచో కొలది వారములలోనే శిలీంధ్రములు ప్రవేశించి కలప నీలివన్నె తిరుగును, తొలుచు పురుగులు చేరును, ధర పడిపోవును. కొబ్బరి సంగతి ఇంకను కష్టము. ఏకదళబీజ వృక్షమగుటచే దానికి మొవ్వు ఒక్కటే ప్రాణము. అది విరిగినచో చింతవలె, వేపవలె ప్రక్క కొమ్మలు వేయలేదు. ఆ చచ్చిన మ్రాను తోటలో కుళ్లుచుండగా కొమ్ముపురుగు దానిలో గ్రుడ్లు పెట్టును. అందు పెరిగిన పురుగులు తుఫానుకు తట్టుకొని నిలిచిన చెట్ల మొవ్వులను తినుటకు బయలుదేరును. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుఫాను కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లను పడగొట్టినది. అంతటి విపత్తులో చెట్టు చెట్టునకు విడిగా అర్జీ, విడిగా తనిఖీ అన్నచో పురుగు ఆగునా?

రోడ్డుపై కూలిన నిద్రగన్నేరు విషయము కొంత సులభము. 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టము ప్రకారము శిథిలములను తొలగించు అధికారము జిల్లా యంత్రాంగమునకు కలదు. తీగెలపై పడిన చెట్టు 2003 నాటి విద్యుత్ చట్టము క్రిందికి వచ్చును. అందులో ఒక న్యాయమైన నియమమున్నది: తీగె వేయుటకు ముందే ఆ చెట్టు అక్కడ నున్నచో, దానిని తొలగింపజేయునప్పుడు మేజిస్ట్రేటు యజమానికి నష్టపరిహారము ఇప్పింపవచ్చును.

మిగిలినది పూర్తిగా కూలక ఒరిగి నిలిచిన చెట్టు. పొరుగువాని పాకమీదికి వంగిన తాడికి యజమాని కదలకున్నచో ఏమి చేయవలెను? 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ ప్రకారము, పడి మనుష్యులకు హాని చేయగల చెట్టును తొలగింపుమనిగాని, ఊతమిడుమనిగాని మేజిస్ట్రేటు ఉత్తరువు చేయగలిగెడివాడు. 2024 జూలై 1 నుండి ఆ కోడ్ స్థానమున వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే అధికారము 152వ సెక్షన్‌గా కొనసాగుచున్నది. ఊతమిడుట అను మాట అందులో ఊరక చేర్చినది కాదు. వేళ్లు సగము నిలిచిన లేత చెట్టును నేల తడియారకముందే లేవనెత్తి, మన్ను త్రొక్కి, గుంజలు కట్టినచో అది తిరిగి నిలద్రొక్కుకొనవచ్చును.