శేషము

1922వ సంవత్సరము ఆగస్టు నెలలో అల్లూరి సీతారామరాజు మన్యపు యోధులను వెంటబెట్టుకొని 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుఠాణాలను ముట్టడించెను. రాజవొమ్మంగి ముట్టడి యే వారమున జరిగెనో తెలిసికొనగోరువారికి పాత పంచాంగముతో పనిలేదు. ఆ యేటి జనవరి 1 ఆదివారము. నాటినుండి గడచినవి 235 దినములు. 7చే భాగింపగా లబ్ధము 33, శేషము 4. నిండిన ముప్పదిమూడు వారములును మనకేమియు జెప్పవు; మిగిలిన ఆ నాలుగు దినములే ఆదివారమునుండి ముందుకు లెక్కింపగా గురువారమని తెలుపును. అట్లే ఆ యేటి శాలివాహనశకము 1844కు 12 కలిపి 60చే భాగించినచో 56 మిగులును. ప్రభవ మొదలుకొని ఏబదియారవది దుందుభి. మన పంచాంగగణితమంతయు ఇట్లు శేషములపైననే నడచినది.

ఈ మర్మమును మన పూర్వులు లెస్సగా నెఱిగియుండిరి. ఆ మన్యపు కొండలకు దిగువనున్న పిఠాపురపు సీమలోని నవఖండవాడతో పావులూరి మల్లన పేరు ముడివడియున్నది. రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెనిగించి, గణితమునకు మన భాషలో పద్యరూపము నొసగిన మహనీయు డాతడు. మహావీరుని గ్రంథమున నొక ముచ్చటైన లెక్క కలదు: సమానములైన 63 అరటిపండ్ల కుప్పలకు విడిగా 7 పండ్లు చేర్చి 23 మంది బాటసారులకు పంచగా ఏమియు మిగులలేదు, కుప్పకెన్ని పండ్లు? దీనిని సాధించుటకు 63ను 23చే భాగింపవలెను, 17 మిగులును. 23ను 17చే భాగింప 6, 17ను 6చే భాగింప 5, 6ను 5చే భాగింప 1. ప్రతి శేషమును తన భాజకముకంటె చిన్నదే గనుక ఈ వరుస ఎక్కడనో యొకచోట ఆగక తప్పదు. ఈ లబ్ధముల వరుసను వెనుకకు మడచుకొనుచు వచ్చుటయే వల్లికాకుట్టీకారము. 499 నాటి ఆర్యభటుని కుట్టకమునకు ఇది సంతతి. కుప్పకు 5 పండ్లు, మొత్తము 322, మనిషికి 14. ఐదునకు ఇరువదిమూడేసి కలుపుకొనుచు బోయిన 28, 51 మొదలగునవియు సమాధానములే. ఒక్క ప్రశ్నకు అంతములేనన్ని సమాధానములుండుటయు, అవియన్నియు 23చే భాగింప ఒకే శేషము నిచ్చుటయు నాకెన్నడును తనివితీరని వింత.

గ్రంథము లెరుగని ఇండ్లలోను శేషమునకు గౌరవము తక్కువ కాలేదు. కుంచమునకు 4 మానికలు, మానికకు 4 సోలలు, సోలకు 4 గిద్దలు. కుంచెడు ధాన్యమును ముగ్గురు పంచుకొన్నయెడల తలకొక మానిక పోగా ఒకటి మిగులును. దానిని సోలలుగా గొలువ తలకొక సోల పోయి ఒకటి మిగులును. దానిని గిద్దలుగా గొలువ మరల నొక గిద్ద మిగులును. పెద్దకొలతలో మిగిలినది చిన్నకొలతలో మరల భాజ్యమగుచు వచ్చినది. 1958లో మెట్రిక్ తూనికలు కొలతలు అమలునకు రా నారంభించినపిదప ఈ మెట్లవరుస క్రమముగా బడిపుస్తకములనుండి తొలగినది.

నాణెముల లెక్కయు నిట్టిదే. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, వెరసి 192 పైలు. ముగ్గురన్నదమ్ములు రూపాయి పంచుకొన్నచో తలకు 5 అణాల 4 పైల చొప్పున చెల్లిపోయెడిది. 1957 ఏప్రిల్ 1 మొదలు రూపాయికి 100 నయాపైసలైనవి. నాటినుండి అదే పంపకమున తలకు 33 పోగా ఒక నయాపైస మిగులజొచ్చినది.