ఆట ఒకరిది, పెత్తనం ఒకరిది

ఆటల సంగతులు మగవాళ్ళ కబుర్లు, మనకెందుకులే అని పేజీ తిప్పెయ్యకండి. నేను చెప్పబోయేది ఆట గురించే అయినా, అసలు విషయం పెత్తనం. ఆ పెత్తనం సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు? చాకిరీ ఒకరిదీ, శుభలేఖ మీద పేరు ఇంకొకరిదీ కావడం మన ఇళ్ళల్లో కొత్తేం కాదు కదా!

మచిలీపట్నం నుంచి వెళ్ళి నాగపూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో 1895లో పుట్టారు కొఠారి కనకయ్య నాయుడు గారు. సి.కె. నాయుడు అంటేనే లోకానికి తెలుసు. 1926లో ఇంగ్లండు నుంచి బొంబాయి వచ్చిన జట్టు మీద 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు! అంతటి మొనగాడు ఆ రోజుల్లో దేశంలో ఇంకొకడు లేడన్నారు.

1932లో మనవాళ్ళు మొట్టమొదటి టెస్టు మ్యాచి ఆడటానికి ఇంగ్లండు బయల్దేరారు. కెప్టెన్ నాయుడు గారే అనుకుంటున్నారు కదూ? కాదు. పోరుబందరు మహారాజు! ఉపనాయకుడు లింబ్డీ రాజకుటుంబీకుడు. జట్టు సీమకు వెళ్ళాలంటే సంస్థానాల ఖజానాలు తెరుచుకోవాలి. పైగా రాజుగారి మాటయితేనే నలుగురూ వింటారనీ, దొరలతో విందుల్లో కూర్చోవడానికి రాజులే తగినవాళ్ళనీ ఒక నమ్మకం.

పోరుబందరు మహారాజును మెచ్చుకోవాలి, తన ఆట ఎంతలో ఉందో ఆయనకు తెలుసు. లార్డ్స్ మైదానంలో జూన్ 25న టెస్టు మొదలయ్యేసరికి ఆయన తప్పుకున్నారు. లింబ్డీ వారికేమో దెబ్బ తగిలింది. అప్పుడు గాని నాయుడు గారి వంతు రాలేదు. మామూలు ఇంటి మనిషి చెప్పినట్టు ఆడటమేమిటని జట్టులోనే కొందరు మూతులు ముడుచుకున్నారట. ఆయన మాత్రం చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్సులో జట్టంతటికీ ఎక్కువగా 40 పరుగులు చేశారు. ఆ మ్యాచి ఓడిపోయాం. 1933-34లో జార్డిన్ దొర జట్టు మన దేశం వచ్చినప్పుడూ నాయుడు గారే కెప్టెన్. మొత్తానికి న్యాయం జరిగిందనుకుంటాం.

1936 వచ్చింది. మళ్ళీ ఇంగ్లండు ప్రయాణం. ఈసారి కెప్టెన్ విజయనగరం మహారాజకుమారుడు, అందరూ ‘విజ్జీ’ అనే దొరగారు. ఆయనా మన తెలుగువారే! క్రికెట్ మీద ఆయనకున్న ప్రేమ అబద్ధం కాదు. హాబ్స్, సట్‌క్లిఫ్ అంతటి వాళ్ళను తన ఖర్చుతో మన దేశానికి రప్పించారు. కానీ ఆ మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్సులాడి ఆయన చేసినవి మొత్తం 33 పరుగులు. నాయుడు గారు ఆ జట్టులో ఆటగాడు మాత్రమే. ఫలహారాల వేళ అందరిముందూ నాయుడు గారిని తూలనాడినందుకే ఒక ఆటగాడికి ఓవల్ టెస్టులో చోటు దొరికిందని కథగా చెప్పుకుంటారు. ఆ టెస్టులోనే నాయుడు గారు 81 పరుగులు చేశారు. ఆయన టెస్టుల్లో చేసిన అత్యధిక స్కోరూ అదే, ఆయన చివరి టెస్టూ అదే.

నాయుడు గారికి అడ్డొచ్చింది రాచరికం. ఆయనకు ముందే పల్వంకర్ బాలూకు కులం అడ్డొచ్చింది. 1911లో ఇంగ్లండు వెళ్ళి వందకు పైగా వికెట్లు తీసిన బౌలరాయన. ఆయన బంతి కావాలి గాని, హిందూ జట్టుకు ఆయన నాయకత్వం వద్దు. ఆయన తమ్ముడు విఠల్‌కు ఆ కెప్టెన్సీ దక్కడానికి 1923 రావాల్సివచ్చింది.

ఇదంతా మన దేశపు జబ్బేననుకుంటే పొరపాటు. తెనాలి పక్క మా జంపని నుంచి కూడా అమెరికా వెళ్ళిన పిల్లలున్నారు. అక్కడ కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆటను ఫుట్‌బాల్ అంటారు. ఆటగాళ్ళలో సగానికి పైగా నల్లవాళ్ళే. ఎవరు ఎటు పరుగెత్తాలో నిర్ణయించే పెద్ద మాత్రం హెడ్ కోచ్. 1921లో ఫ్రిట్జ్ పొలార్డ్ అనే నల్లజాతి ఆటగాడు అక్రాన్ జట్టుకు ఆ పని చేశాడు. ఆ తరవాత రెండో నల్లవాడు, ఆర్ట్ షెల్, ఆ కుర్చీ ఎక్కింది ఎప్పుడో తెలుసా? 1989లో! 68 ఏళ్ళు. కాళ్ళబలం మీద అంత నమ్మకముంటే, బుర్ర మీద ఎందుకు లేకపోయింది?

చివరికి 2003లో ఒక నియమం పెట్టారు. కోచ్ ఉద్యోగం ఖాళీ అయితే తెల్లవాళ్ళు కానివాళ్ళను ఒక్కరినైనా పిలిచి మాట్లాడాలి అని. నాలుగేళ్ళు తిరక్కుండా, 2007 ఫిబ్రవరిలో, సూపర్ బౌల్ అనే ఆఖరి పోటీకి వచ్చిన రెండు జట్ల కోచ్‌లూ నల్లవాళ్ళే. గెలిచినవాడు టోనీ డంగీ. అయితే, పిలవడం వేరు, ఇవ్వడం వేరు. సంబంధం లోపల ఎప్పుడో ఖాయం చేసుకుని, మాట కోసం ఇంకో పిల్లను చూసి ఫలహారం చేసి వెళ్ళే పెళ్ళిచూపులు మనకు తెలియనివా? తనకూ అలాంటి పిలుపే వచ్చిందని బ్రయన్ ఫ్లోరెస్ అనే కోచ్ 2022లో కోర్టుకెక్కాడు.

పెత్తనం చేతికిచ్చి చూడకుండానే, చేతకాదని తేల్చెయ్యడం ఎంత తేలిక! చేతకాని రాజుగారికి మాత్రం మూడు టెస్టులు పట్టినా ఎవరూ తొందరపడలేదు.

నాయుడు గారి అమ్మాయి చంద్రా నాయుడు ఇంగ్లీషు పాఠాలు చెప్పే అధ్యాపకురాలు. మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పిన తొలి మహిళ ఆవిడే. మగగొంతులు తప్ప వినబడని ఆ మైకు ముందు, 1970లలో ఇండోరులో ఆవిడ కూర్చున్నారు. ఆడదానికి క్రికెట్ ఏం తెలుసని అప్పుడు ఎంతమంది అనుకుని ఉంటారో! ఆవిడ అదేం పట్టించుకోకుండా స్కోరు చెబుతూ పోయారు.