తోలు తిత్తిలోంచి వచ్చిన కార్బురేటర్

ఎయిర్ ఫిల్టర్ తీసేసి, కార్బురేటర్ నోట్లోకి వేలు పెట్టి, లోపలున్న పిస్టన్‌ను పైకెత్తి వదిలితే అది ‘టక్’మని కింద పడాలి. నా బండిలో పడలేదు. ఎత్తిన చోటే అతుక్కుని ఉండిపోయింది. నేను కొన్న మొదటి పాత కారులో నేను చూసిన మొదటి లోపం అదే. దాన్ని బాగుచేయబోయి, ఆ పిస్టన్ అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకునే పనిలో పడ్డాను. ఆ కథే ఇది.

బండి అంబాసిడర్. ముందు చిన్న చిన్న గళ్ళ జాలీ ఉంది కాబట్టి మార్క్ 2. యాడికి దగ్గర ఒక రైతు కొట్టంలో, వేరుశనగ కట్టె వామి పక్కన, ఇరవై ఏళ్ళకు పైగా కదలకుండా పడి ఉంది. తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ముందు నేలమీద పడుకుని ఫ్లోర్ కింద సుత్తి పిడితో తట్టి చూశాను. ఎక్కడా బొక్క లేదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో అయితే ఇన్నేళ్ళకు ఆ రేకు పిండి పిండి అయిపోయేది. సేద్యగాణ్ణి కాల్చుకు తిన్న కరువు ఇనుమును మాత్రం చెక్కుచెదరకుండా ఉంచింది. రబ్బరుదే చావు. తలుపుల బీడింగు పట్టుకుంటే మురుకు విరిగినట్టు విరిగింది.

పాత బండి మొదటిసారి కొన్నవాడికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అన్నీ ఒకేసారి విప్పేయాలనిపిస్తుంది. అలా విప్పేసిన బండ్లు మళ్ళీ కూడుకోవడం అరుదు. నాకు ఆ బుద్ధి చెప్పింది ఊళ్ళో ఆయిల్ ఇంజిన్లు రిపేరు చేసే పెద్దాయన. బోరుబావులు రాకముందు బావుల మీద ఇంజిన్లన్నీ ఆయన చేతి మీదుగా నడిచినవే.

“ఒక్కటి విప్పు నాయనా. దాన్ని బాగుచేసి బిగించినాకనే రెండోది ముట్టుకో” అన్నాడు.

“ఏది ముందు మామా?”

“ఇంజిను తిరుగుతాదో లేదో చూడు. ప్లగ్గులు తీసి రోంత ఆయిల్ పొయ్యి. రెండు దినాలు ఊరనీ. సెల్ఫ్ కొట్టొద్దు, చేత్తోనే తిప్పు.”

తిప్పితే తిరిగింది. ఇక మిగిలింది గాలి, పెట్రోలు, నిప్పు. గాలినీ పెట్రోలునూ కలిపేది కార్బురేటర్ కాబట్టి దాన్ని విప్పి తాడిపత్రి బండ మీద పాత పంచె పరిచి పెట్టుకున్నాం. ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు తుమ్మబంకలా గట్టిపడింది. పెట్రోలు వచ్చే గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది. పిస్టన్ మీది సన్న గొట్టంలో పల్చటి ఇంజిన్ ఆయిల్ ఉండాల్సిన చోట ఎవరో మందపాటి గేర్ ఆయిల్ పోసి వదిలేశారు. పంచె మీద వరసగా పేర్చాక చూస్తే అందులో ఉన్నవి ఇంతే: గంట ఆకారపు మూత, దాంట్లో పైకీ కిందికీ జారే పిస్టన్, పిస్టన్ అడుగున కొనదేరిన సూది, సూది దిగే ఒక్క జెట్టు. మూత మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు పోత పోసి ఉన్నాయి: ఎస్, యు.

ఎస్ అంటే స్కిన్నర్. యు అంటే యూనియన్. స్కిన్నర్లది ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం. లిల్లీ అండ్ స్కిన్నర్ అని లండన్‌లో పేరున్న దుకాణాలు వాళ్ళవి. ఆ ఇంటి కొడుకు జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్‌కు చెప్పులకంటే మోటారు బండ్ల మీద మనసు. 1900ల మొదట్లో బండి నడపడమంటే కార్బురేటర్‌తో కుస్తీ పట్టడమే. అప్పటి వాటిలో గాలి పోయే దారి ఒకే వెడల్పు. ఇంజిన్ మెల్లగా తిరిగేటప్పుడు ఆ దారిలో గాలి నీరసంగా పోతుంది, పెట్రోలును సరిగా పీల్చదు, బండి ఆగిపోతుంది. వేగం పెరిగితే గాలి మరీ జోరుగా లాగి పెట్రోలు ఎక్కువై నల్లపొగ వస్తుంది. ఒక వేగానికి సరిచేస్తే ఇంకో వేగానికి చెడుతుంది. కొందరు రెండు మూడు జెట్లు పెట్టి సర్దుకున్నారు.

హెర్బర్ట్ ఇంకోలా ఆలోచించాడు. గాలి అవసరం మారుతూ ఉంటే దారి వెడల్పే మారొచ్చు కదా? ఇంజిన్ ఎంత లాగితే దారి అంత తెరుచుకోవాలి. తెరిచే పని ఆ లాగుడే చేయాలి. గాలి పీడనానికి ముడుచుకునీ సాగీ కదిలే వస్తువు ఏముంది? తోలు వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడికి చేతికి దగ్గరగా ఉన్నది తోలే. మెత్తని తోలుతో ఒక తిత్తి కుట్టించాడు. ఆయన భార్యే దాన్ని కుట్టిందని చెబుతారు. ఆ తిత్తి ముడుచుకుంటే దారి తెరుచుకుంటుంది, దాంతోపాటు సూది పైకి లేచి జెట్టులోంచి ఎక్కువ పెట్రోలును వదులుతుంది. లాగుడు తగ్గితే తిత్తి సాగి, సూది దిగి, దారి సన్నమవుతుంది. గాలి తగ్గినా పెరిగినా జెట్టు మీద లాగుడు మాత్రం దాదాపు ఒకేలా ఉంటుంది. ఈ ఆలోచన 1904, 1905 ప్రాంతంలో రూపుకట్టి పేటెంటు పొందింది. తోలు తిత్తి ఉన్న తొలి కార్బురేటర్ ఒకటి తర్వాత లండన్ సైన్స్ మ్యూజియానికి చేరింది.

ఇది చదివినప్పుడు మా ఊరి కొలిమి తిత్తి కళ్ళ ముందు ఆడింది. చిన్నప్పుడు నేను ఆ తిత్తి తాడు లాగినవాణ్ణే. ఒత్తితే గాలి ఊది బొగ్గు ఎర్రబడుతుంది. కొలిమిలో మనిషి తిత్తిని కదిపితే గాలి పుడుతుంది. స్కిన్నర్ దాన్ని తిరగేశాడు: గాలి తిత్తిని కదుపుతుంది. పెద్దాయనకు ఇది చెబితే పిస్టన్ చేతిలోకి తీసుకుని, మూత అంచుకు పెదాలు ఆనించి గాలి పీల్చి చూశాడు. “మనం ఊదేదానికి వాడినాం, వాడు పీల్చేదానికి వాడినాడు” అన్నాడు. ఆ మాటకంటే బాగా ఈ యంత్రం సంగతి నాకు ఎక్కడా దొరకలేదు.

తోలు ఎండుతుంది, చిరుగుతుంది, పెట్రోలు తడికి పాడవుతుంది. తిత్తి స్థానంలో లోహపు మూత, అందులో జారే లోహపు పిస్టన్ వచ్చాయి. పిస్టన్‌కూ మూతకూ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది, ఒకదానికొకటి తాకవు. నా బండిలో పడి ఉన్నది ఆ తిత్తికి మనవడు.

అన్న హెర్బర్ట్, తమ్ముడు కార్ల్ కలిసి 1910లో ఎస్.యు. కంపెనీ పెట్టారు. 1926లో విలియం మోరిస్ దాన్ని కొన్నాడు. అప్పటినుంచి మోరిస్ కార్లకు ఇంటి కార్బురేటరే దొరికింది. 1952లో మోరిస్, ఆస్టిన్ కలిసి బి.ఎమ్.సి. అయ్యాయి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాను తీసుకుని, బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1957లో అంబాసిడర్ మొదలుపెట్టింది. రెండేళ్ళకు అందులోకి బి.ఎమ్.సి. వాళ్ళ 1489 సి.సి. ఇంజిన్ వచ్చింది. ఒక చెప్పుల దుకాణదారు తిత్తి అలా చేతులు మారుతూ వచ్చి యాడికి కొట్టంలో వేరుశనగ వామి పక్కకు చేరింది.

అయితే ఇంగ్లండు చలికి పుట్టిన ఏర్పాటు మన ఎండకు ఎంత ఓర్చుకుంటుంది? ఈ ఇంజిన్‌లో గాలి లోపలికి వెళ్ళే గొట్టాలూ, పొగ బయటికి వచ్చే గొట్టాలూ ఒకే వైపున ఉంటాయి. కార్బురేటర్ సరిగ్గా పొగగొట్టం పైన కూర్చుంటుంది. మే నెల మధ్యాహ్నం బండి ఆపితే కింది వేడికి గొట్టాల్లో పెట్రోలు ఆవిరవుతుంది, ఇక స్టార్టు కాదు. దీనికి మన డ్రైవర్లు కనిపెట్టిన మందు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ. బానెట్ ఎత్తి, గుడ్డ తడిపి పంపుకు చుట్టి, పది నిమిషాలు చెట్టు నీడన కూర్చుంటే బండి కదులుతుంది. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో ఆ పంపూ అందుకే చల్లబడుతుంది. దీనికి పేటెంటు లేదు. కనిపెట్టినవాడి పేరు ఏ కాగితంలోనూ లేదు. నాకు మాత్రం స్కిన్నర్ తిత్తి పక్కన ఈ తడిగుడ్డను కూడా పెట్టాలనిపిస్తుంది.

ఇంతకీ నా తప్పు ఒకటి చెప్పాలి. అతుక్కున్న పిస్టన్‌ను వదిలించాక, బంక పోవాలని ఎమరీ కాగితం పట్టుకున్నాను. రెండు రుద్దులు రుద్దానో లేదో పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ వెంట్రుకంత సందే ఈ యంత్రానికి ప్రాణం. గీత పడితే గాలి కారుతుంది, పిస్టన్ లేవాల్సినంత లేవదు. గుడ్డ, పెట్రోలు, ఓపిక ఇవి మూడే చాలు. మూతనూ పిస్టన్‌నూ జంటగా చేస్తారు, ఒక బండి పిస్టన్‌ను ఇంకో బండి మూతలో పెట్టకూడదు. పిస్టన్ పైనున్న ఆయిల్‌కూ కారణం ఉంది. యాక్సిలరేటర్ హఠాత్తుగా తొక్కినప్పుడు పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా అది పట్టి ఉంచుతుంది, ఆ క్షణం పెట్రోలు పాలు పెరిగి బండి ముందుకు దూకుతుంది. గేర్ ఆయిల్ పోస్తే పిస్టన్ బద్ధకంగా లేచి నల్లపొగ కొడుతుంది.

ఇదంతా ఎందుకు, ఇంకో ఇంజిన్ ఎక్కించేయమని చాలామంది అన్నారు. రోజూ నడుపుకోవడానికి అది మంచిదేమో. నేను ఒప్పుకోలేదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కానీ నా కారణం అది కాదు. ఆ రెండక్షరాల మూత తీసేస్తే ఈ బండిలో నాకు ఇష్టమైన కథ పోతుంది.

మూడో ఆదివారం పొద్దున ఆయిల్ మార్చి, గొట్టంలో మట్టిగూడు తీసి, కొత్త బ్యాటరీ పెట్టాం. పిస్టన్ ఎత్తి వదిలాను. టక్. పెద్దాయన ఇంకోసారి అనమన్నాడు. టక్. “ఇప్పుడు కొట్టు సెల్ఫ్” అన్నాడు. నాలుగో ప్రయత్నానికి ఇంజిన్ అందుకుంది. సైలెన్సర్‌లోంచి ముందు ఇరవై ఏళ్ళ దుమ్ము, తర్వాత నీలిపొగ, ఆ తర్వాత ఏమీ లేదు. బ్రేకులు ఇంకా పట్టవు కాబట్టి బండి కదపలేదు. చక్రాల కింద రాళ్ళు పెట్టి, పది నిమిషాలు అలా తిరగనిచ్చి ఆపాం. ఆయన చెయ్యి తుడుచుకుని, పంచెను నీళ్ళ తొట్టిలో ముంచి పిండి, పెట్రోలు పంపు మీద వేశాడు.