తెనాలి కోర్టు పరిధికి లోబడి

మా నాన్న బిల్లు పుస్తకం మీద మూడు మాటలు ఎప్పుడూ ఉండేవి. పైన మధ్యలో ‘శ్రీరామ’. కింద ఎడమ పక్క ‘ఇ. అండ్ ఓ. ఇ.’, అంటే లెక్కలో పొరపాటుంటే దిద్దుకునే హక్కు మాకుందని. దాని పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో ‘సబ్జెక్ట్ టు తెనాలి జ్యూరిస్‌డిక్షన్’.

మాది స్టీలు సామాన్ల హోల్‌సేలు కొట్టు. ప్రెస్సు నుంచి ప్రూఫు తెచ్చే పని నాది. ఒకసారి ఫోను నంబరు కొత్తగా చేర్చాల్సి వచ్చి, జాగా చాలక, ఆ కింది లైను తీసేద్దామా అని కంపోజిటరు అడిగితే నేను సరేనన్నాను. ఇంటికొచ్చాక నాన్న ప్రూఫు చూసి, “శ్రీరామ తీసేసినా దేవుడు ఏమీ అనుకోడు. ఆ లైను తీసేస్తే మాత్రం రేపు బాకీ కోసం ఊరూరా కోర్టుల చుట్టూ తిరగాలిరా” అన్నారు. మళ్ళీ ప్రెస్సుకి పరిగెత్తాను.

ఆ లైను మళ్ళీ నాకు ఎదురవడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఫోటోలు దాచుకోవడానికి తీసుకున్న ఒక ఆన్‌లైన్ సర్వీసుని రద్దు చేసుకున్నాను. అయినా ఏడాది చందా రూ. 3,600 కార్డులోంచి మళ్ళీ లాగేశారు. మెయిలు రాస్తే, మీరు ఒప్పుకున్న షరతులు చూసుకోండని ఒక లింకు పంపారు. షరతులు చదువుతూ చివరిదాకా వెళితే రెండు వాక్యాలున్నాయి. ఈ ఒప్పందానికి ఫలానా రాష్ట్రపు చట్టం వర్తిస్తుంది. వివాదాలన్నీ ఫలానా నగరపు కోర్టుల్లోనే తేల్చుకోవాలి. ఆ నగరానికి విమానం టిక్కెట్టే నా చందాకి ఎన్నో రెట్లు. మా నాన్న లైనే ఇది, ఊరి పేరు మారిందంతే అనిపించింది. ఈ లైను ఎక్కడ పుట్టి నా దాకా ఎలా వచ్చిందో చూద్దామని మొదలుపెట్టిందే ఈ వ్యాసం.

ముందు ఒక చిన్న తేడా చెప్పుకోవాలి. ఏ చట్టం అన్నది ఒక ప్రశ్న, ఏ కోర్టు అన్నది ఇంకో ప్రశ్న. ఒక దేశపు కోర్టు ఇంకో దేశపు చట్టాన్ని బట్టి తీర్పు చెప్పడం వింతేమీ కాదు. 1939లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ముందుకి ఒక కేసు వచ్చింది. న్యూఫౌండ్‌లాండ్ నుంచి న్యూయార్క్‌కి హెరింగ్ చేపలతో వెళుతున్న ఓడ నోవా స్కోషియా తీరాన మెట్ట తగులుకుని సరుకు పాడైంది. సరుకు కాగితాల మీద మాత్రం ‘ఇంగ్లీషు చట్టం వర్తిస్తుంది’ అని ఉంది. చేపలకీ ఇంగ్లండుకీ సంబంధమేమిటి? సంబంధం లేకపోయినా ఫరవాలేదు, మంచి నమ్మకంతో ఎంచుకుంటే చాలు అంది ప్రీవీ కౌన్సిల్. ‘ఏ చట్టం’ అన్న లైనుకి అక్కడ గట్టి పునాది పడింది.

‘ఏ కోర్టు’ అన్న లైను కథ మన దేశంలో వేరేగా నడిచింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షను ప్రకారం ప్రతివాది ఉండే చోటో, వ్యాజ్యానికి కారణం పుట్టిన చోటో దావా వేయాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 28వ సెక్షను, అసలు కోర్టుకే వెళ్ళకూడదనే ఒప్పందం చెల్లదంటుంది. మరి ఒక్క ఊరి కోర్టుకే వెళ్ళాలనే ఒప్పందం? 1971లో హకమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. వారణాసిలో పనికి కాంట్రాక్టు, కంపెనీ కార్యాలయం బొంబాయిలో, ఒప్పందంలో బొంబాయి కోర్టులే అని ఉంది. అధికారం లేని కోర్టుకి మీరిద్దరూ కలిసి అధికారం ఇవ్వలేరు, కానీ అధికారమున్న రెండు కోర్టుల్లో ఒకదాన్ని ఎంచుకోవచ్చు అన్నారు.

1989లో ఇంకో కేసు. గుజరాత్‌ కంపెనీ కాగితం మీద ‘కైరా జ్యూరిస్‌డిక్షన్’ అని ఉంది. కొన్నవాళ్ళు సేలంలో దావా వేశారు. అందులో ‘మాత్రమే’ అనే మాట గానీ, అలాంటిది ఇంకోటి గానీ లేదు కాబట్టి సేలం కోర్టు తలుపు మూసుకుపోలేదని సుప్రీంకోర్టు తేల్చింది. మళ్ళీ 2013లో, జైపూర్ వ్యాపారికీ ఇండియన్ ఆయిల్‌కీ మధ్య వచ్చిన కేసులో, ‘మాత్రమే’ అని రాయకపోయినా ఒక ఊరి పేరు రాశారంటేనే మిగతా ఊళ్ళు వద్దనుకున్నట్టు అంది. అలా ఒక్క మాట ఉండటం, లేకపోవడం చుట్టూ పాతికేళ్ళ న్యాయశాస్త్రం తిరిగింది.

ఈ కేసులన్నిట్లో ఇటూ అటూ వ్యాపారులే. మా నాన్నకి సరుకు పంపే బొంబాయి సేటు బిల్లు మీద ‘బొంబాయి జ్యూరిస్‌డిక్షన్’ ఉండేది. మా బిల్లు మీద మా ఊరు. ఎవరి బిల్లు పుస్తకం వాళ్ళకుంది, ఎవరి చేతిలో కలం వాళ్ళకుంది.

అమెరికాలోనూ ఈ లైను అలాంటి వాళ్ళ మధ్యనే నిలదొక్కుకుంది. హ్యూస్టన్‌కి చెందిన జపాటా అనే కంపెనీ తన చమురు రిగ్గుని లూయిసియానా నుంచి ఇటలీ దాకా లాక్కెళ్ళమని ఒక జర్మన్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. వివాదాలు లండన్ కోర్టులో అని రాసుకున్నారు. 1968 జనవరిలో తుఫానులో రిగ్గు దెబ్బతింది. జపాటా ఫ్లోరిడాలో దావా వేసింది. 1972లో అమెరికా సుప్రీంకోర్టు, లండన్ అని ఒప్పుకున్నారు కాబట్టి మామూలుగా లండనే వెళ్ళాలంది. ఆ కేసులో నన్ను ఆపిన వివరం ఒకటుంది. సంతకం పెట్టే ముందు జపాటా అధికారి ఒప్పందంలో కొన్ని మార్పులు చేశాడు. లండన్ లైను మాత్రం కొట్టేయలేదు. కొట్టేయాలనుకుంటే ఆయన చేతిలో కలముంది.

పందొమ్మిదేళ్ళ తర్వాత అదే లైను ఒక టిక్కెట్టు వెనక తేలింది. అమెరికా వాయవ్య మూలన వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండే దంపతులు ట్రావెల్ ఏజెంటు ద్వారా కార్నివాల్ క్రూయిజ్ ఓడ ప్రయాణానికి డబ్బు కట్టారు. టిక్కెట్లు ఆ తర్వాత చేతికొచ్చాయి. దావాలు ఫ్లోరిడాలోనే వేయాలని వాటి మీద ఉంది. ఓడ మెక్సికో తీరం దగ్గర ఉండగా, వంటశాల చూపిస్తున్నప్పుడు ఆవిడ జారిపడింది. దేశానికి ఆ మూల నుంచి ఈ మూలకి వచ్చి పోట్లాడాలా? 1991లో సుప్రీంకోర్టు రావాలనే అంది. ఇలాంటి షరతు వల్ల కంపెనీకి ఖర్చు తగ్గుతుంది, ఆ మేరకు టిక్కెట్టు ధర తగ్గి ప్రయాణికులకీ లాభమే అని వాదం. విభేదించిన జస్టిస్ స్టీవెన్స్ తన తీర్పుకి ఆ టిక్కెట్టు నకలు జతచేశారు, చిన్న అక్షరాలు ఎంత చిన్నవో చదివేవాళ్ళే చూసుకోమన్నట్టు.

టిక్కెట్టు నుంచి తెర మీదకి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1999లో న్యూజెర్సీ అప్పీలు కోర్టు ముందు మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ చందాదారులున్నారు. చెప్పకుండా తమని ఎక్కువ ఖరీదు ప్లానుల్లోకి మార్చారన్నది వాళ్ళ ఆరోపణ. నా రూ. 3,600 లాంటి గొడవే. షరతుల్లో వాషింగ్టన్ రాష్ట్రపు కోర్టులని ఉంది. తెర మీద షరతులు చదువుకునే వీలుంది, ఒప్పుకుంటేనే చేరనిచ్చారు కాబట్టి అక్కడికే వెళ్ళండి అని కోర్టు చెప్పింది. రిగ్గు కంపెనీ అధికారికి కొట్టేసే అవకాశముంది. వీళ్ళకి ఉన్నదల్లా ఒప్పుకుంటాను, ఒప్పుకోను అనే రెండు బొత్తాలు. కోర్టు దృష్టిలో మాత్రం రెండూ ఒప్పందాలే.

ఈ తేడాని గట్టిగా పట్టుకున్నది కెనడా సుప్రీంకోర్టు. 2020లో ఉబర్ మీద టొరంటో డ్రైవరు వేసిన కేసు అది. అతను ఫోనులో ఒప్పుకున్న షరతుల ప్రకారం నెదర్లాండ్స్ చట్టం వర్తిస్తుంది, మధ్యవర్తిత్వం కూడా అక్కడే. అది మొదలవ్వాలంటేనే సుమారు 14,500 అమెరికన్ డాలర్లు ముందు కట్టాలి. తిండి పొట్లాలు చేరవేసేవాడికి అది దాదాపు ఏడాది సంపాదన. ఇది బేరంలో బలం లేనివాడి మీద రుద్దిన షరతు, చెల్లదు అన్నారు.

మన దగ్గర మార్పు వేరే దారిలో వచ్చింది. 2007 డిసెంబరులో ఢిల్లీ నుంచి హైదరాబాద్ రావలసిన విమానం పొగమంచులో ఇరుక్కుని గంటల తరబడి ఆలస్యమైంది. ఒక ప్రయాణికుడు హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్‌కి వెళ్ళాడు. ఢిల్లీ కోర్టులు మాత్రమే అన్న షరతుని విమాన సంస్థ చూపించింది. 2011లో సుప్రీంకోర్టు, ఆ షరతు లోక్ అదాలత్ అధికారాన్ని తీసేయలేదంది. పొగమంచుకి సంస్థ బాధ్యత లేదని పరిహారం మాత్రం రద్దు చేసింది. ఆయన గెలవలేదు. కానీ ఆయన గోడు ఆయన ఊళ్ళో విన్నారు.

1986 వినియోగదారుల చట్టంలో ఫిర్యాదు ఎదుటి పక్షం ఉన్న చోటో, కారణం పుట్టిన చోటో వేయాలి. 2019 చట్టం ఇంకో మాట చేర్చింది: ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పనిచేసుకునే చోట కూడా వేయవచ్చు. చట్టం 2020 జూలై 20న అమల్లోకి వచ్చింది. నూట యాభై ఏళ్ళ చిన్న అక్షరాలకి ఎదురుగా ఒక్క వాక్యం. అయితే అది వినియోగదారుడికే. 2025లో బ్యాంకు ఉద్యోగుల కేసుల్లో, నియామక పత్రంలో ముంబై అని ఉంటే పట్నాలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా ముంబైకే వెళ్ళాలని సుప్రీంకోర్టు చెప్పింది.

నేను హైదరాబాద్‌లో నా జిల్లా కమిషన్‌కి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పంపాను. రూ. 5 లక్షల లోపు ఫీజు లేదు. “ఆర్డరు తెచ్చుకోవడం ఒక ఎత్తు, ఇక్కడ ఆఫీసు లేనివాడి దగ్గర వసూలు చెయ్యడం ఇంకో ఎత్తండీ” అన్నారు తెలిసిన లాయరు గారు. అది నిజమే. అయినా ఆ లింకు పంపినవాళ్ళకి ఒక జవాబు రాయాల్సిన అవసరమైతే వచ్చింది.

ఇదంతా చదువుతున్నన్నాళ్ళూ కనిగిరి నుంచి వచ్చే పోస్టుకార్డులు గుర్తొచ్చాయి. అక్కడ చిన్న కొట్టు పెట్టుకున్న ఒకాయన మా దగ్గర బిందెలు కొన్నాడు. అతుకులు ఊడిపోయాయని మూడు కార్డులు రాశాడు. జవాబు రాయించింది నాన్న, రాసింది నేను: వివాదమేదైనా ఉంటే బిల్లు కింద రాసింది చూసుకోగలరు. నాలుగో కార్డు రాలేదు. వ్యవహారం తీరిపోయిందనుకున్నాం. కొట్టు మూసుకుని, బస్సులు మారి, తెనాలిలో ప్లీడరుని పెట్టుకుంటే ఆ బిందెల ఖరీదు కంటే ఎక్కువవుతుందని ఆయన లెక్క చూసుకుని ఉంటాడు. ఆయనకీ బిల్లు పుస్తకం ఉండే ఉంటుంది, కింద కనిగిరి పేరుతో. కానీ మాకు అమ్మడానికి ఆయన దగ్గర ఏముంది?