తవర్జీ, మాన్యం, స్కేలు



'జీతము' అన్న మాట 'జీవితము' అన్న సంస్కృత పదానికి వికృతి. మనుగడకు ఆధారమైనది జీతం. అయితే ఆ ఆధారం ఉద్యోగి సొంత ఆస్తా, లేక కొలువు ఉన్నంతకాలం ప్రభువు ఇచ్చే ప్రతిఫలమా? వేతన సంఘాలూ, గ్రేడులూ, సర్కారు కొలువు వదలి ప్రైవేటు సంస్థకు పోవడం, అక్కడినుండి ఇక్కడికి రావడం, వీటిని గురించి చర్చ జరిగినప్పుడల్లా నాకు మా నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు పాత కథ ఒకటి మనసులో మెదలుతుంది. ఈ ప్రశ్న మీద ఇక్కడ నెత్తురు కూడా పారింది.

1800కు పూర్వం ఈ సీమలో ప్రభుత్వోద్యోగం, సొంత ఆస్తి అన్న భేదం లేదు. పాలెగాడు పన్ను వసూలు చేసేవాడు, కావలి కాసేవాడు, తగవు తీర్చేవాడు. అతని కింద కట్టుబడి బంట్రోతులు. గ్రామంలో రెడ్డి, కరణం, తలారి. వీరిలో ఎవరికీ నెలజీతం లేదు. మాన్యపు భూమి ఉండేది, కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మేర దక్కేది. తండ్రి పోతే పనీ, మాన్యమూ కలిసి కొడుకుకు వచ్చేవి. దీనినే మిరాసీ అన్నారు. ఆ అరబ్బీ మాటకు అర్థమే వారసత్వం.

ఆ తరువాత వచ్చిన ఈస్టిండియా కంపెనీ తానే ఒక వర్తక సంస్థ. దాని ఉద్యోగులకు మొదట్లో జీతాలు స్వల్పం, సొంత వ్యాపారాలు అధికం. కారన్‌వాలీసు గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలంలో (1786-93) బెంగాలులో కలెక్టరుకు నెలకు 1,500 రూపాయల జీతం, వసూలుపై కమిషను ఏర్పరచి, సొంత వ్యాపారాన్ని నిషేధించారు. 1793 నాటి చార్టరు చట్టం సీనియారిటీని స్థిరపరచింది. అంటే పెద్ద జీతం, వరుస మెట్లు అన్నవి ప్రైవేటు లాభాన్ని వదులుకున్నందుకు ఇచ్చిన మూల్యం. అయితే ఆ మూల్యం దొరలకే దక్కింది. పెద్ద పదవులకు భారతీయులను దూరంగా ఉంచడం తగదని థామస్ మన్రో 1824 నాటి తన ప్రసిద్ధ వ్రాతలో వాదించాడు.

ఆ మన్రోయే 1800లో నిజాము దత్తం చేసిన సీమకు ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 వరకు పనిచేశాడు. పాలెగాళ్ల బలగాలను తొలగించి, అధికారాన్ని తీసివేసి, కొందరికి తవర్జీ అనే భరణాన్ని ఏర్పాటు చేశాడు. ఆళ్లగడ్డకూ కోయిలకుంట్లకూ నడుమనున్న ఉయ్యాలవాడ కుటుంబానికి వచ్చినది నెలకు 70 రూపాయలు. అది రెండు వాటాలై 35 రూపాయలయింది. అందులో ఒక వాటా ముగ్గురు అన్నదమ్ములకు పంచగా, నరసింహారెడ్డికి దక్కినది 11 రూపాయల 10 అణాల 8 పైసలు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు లెక్కన వేసి చూడండి, 35లో మూడవ వంతు సరిగ్గా అంతే.

ఆ అంకెను చూస్తే రెండు లోకాలు ఢీకొన్న చోటు కనిపిస్తుంది. కంపెనీ దృష్టిలో అది ఖజానా నుండి దయతో ఇచ్చే పింఛను. కుటుంబం దానిని చేను పంచుకున్నట్లు పంచుకున్నది. తరానికొకసారి చిక్కిపోయే పింఛనుతో పాత గౌరవం నిలుస్తుందా?

1846లో కట్టుబడుల ఇనాములను కంపెనీ తిరిగి స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టింది. పని పోయింది, ఇప్పుడు భూమి కూడా పోతుందన్న భయం పుట్టింది. ఆ ఏడాది జూలై 10న నరసింహారెడ్డి బలగం కోయిలకుంట్ల ఖజానాపై పడింది. అతని వెంట నడిచిన వారిలో ఆ కట్టుబడులు ఉన్నారు. అది కేవలం ఒక పాలెగాని భరణపు తగవై ఉంటే అంతమంది కదిలేవారు కారు. 1847 ఫిబ్రవరి 22న అతనిని కోయిలకుంట్లలో ఉరితీశారు.

అయినా వారసత్వం అంతటితో పోలేదు. మద్రాసు ప్రభుత్వం 1894, 1895 చట్టాలతో గ్రామోద్యోగాలను క్రమబద్ధం చేసింది. మాన్యం బదులు నగదు జీతం వచ్చినా, కొలువు మాత్రం వంశంలోనే నిలిచింది. గాజుల దశరథరామారావు కేసులో 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ వంశహక్కు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. చివరకు 1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో మునసబు, కరణాల పదవులనే రద్దుచేసింది. 1985లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. తరతరాల లెక్కలు తెలిసిన కరణానికి అది ఉపాధి పోవడం. ఏ వంశమూ అండ లేని చదువుకున్న పిల్లవానికి తలుపు తెరుచుకోవడం. ఈ రెండూ నిజాలే.

తరువాతి మలుపునకూ నంద్యాలతో సంబంధం ఉన్నది. 1991 నవంబరు ఉపఎన్నికలో ఇక్కడినుండి లోక్‌సభకు ఎన్నికైన ప్రధాని పి.వి. నరసింహారావు విపణిని తెరిచారు. ప్రైవేటు జీతాలు సర్కారు స్కేళ్లను దాటిపోసాగాయి. ఆయన ప్రభుత్వమే 1994లో అయిదవ కేంద్ర వేతన సంఘాన్ని నియమించింది. 1996 జనవరి 1 నుండి అమలైన స్కేళ్లలో కనిష్ఠ మూలవేతనం 2,550, గరిష్ఠం 30,000 రూపాయలు. పైమెట్టులో ప్రైవేటుతో పోటీ లేకపోయినా, జీవితాంతం పింఛను అన్న భరోసా ఉద్యోగిని నిలిపేది.

2004లో ఆ భరోసా కూడా మారింది. కేంద్రంలో జనవరి 1, మన రాష్ట్రంలో సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి కంట్రిబ్యూటరీ పింఛను వచ్చింది. ఆ నిధి ఉద్యోగి పేరున ఖాతాలో ఉంటుంది, ప్రైవేటుకు మారితే అతని వెంటే వస్తుంది. సర్కారుకూ ప్రైవేటుకూ నడుమ గోడ తగ్గింది, దానితోపాటు గోడ ఇచ్చే నీడా తగ్గింది. ఎదురు దిశలో, బయటివారిని పెద్ద పదవులలోకి నేరుగా తీసుకునేందుకు 2024 ఆగస్టులో 45 కొలువులకు యు.పి.ఎస్.సి. ప్రకటన ఇచ్చి, రిజర్వేషన్ల వివాదంతో మూడు రోజులలోనే ఉపసంహరించుకున్నది. కొలువులోకి ఎవరికి ఏ దారిన ప్రవేశం అన్న 1960 నాటి ప్రశ్నే అక్కడ తిరిగి లేచింది.

స్కేలు నిర్ణయించేవారు అంకెను చూస్తారు. పుచ్చుకునేవాడు ఆ అంకెలో తన స్థానాన్నీ, రేపటి నమ్మకాన్నీ చూసుకుంటాడు. 11 రూపాయల 10 అణాల 8 పైసలు లెక్కప్రకారం తప్పు కాదు. ఆ లెక్కలో చేరనిదేదో కోయిలకుంట్ల ఖజానా ముందుకు వచ్చి నిలిచింది.

మీ ఊళ్లలో 'కరణం మాన్యం', 'తలారి మాన్యం' వంటి పొలం పేర్లు ఇంకా వాడుకలో ఉంటే వ్యాఖ్యలో తెలుపగోరుతాను. కొలువులు పోయినా కొన్ని చోట్ల వాటి జీతం పేరు నేల మీద మిగిలి ఉంటుంది.