టికెట్టుకు ముందు ఓడను చూడటానికి రుసుము: లాభమా, దండుగా?

విహార నౌకలో ప్రయాణానికి సొమ్ము కట్టే ముందు, రేవులో ఆగి ఉన్న ఆ నౌకను రుసుము చెల్లించి చూచి రావడమనే పద్ధతి విదేశాలలో చాలాకాలంగా ఉన్నది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ వంటి రేవులలో కొన్ని సంస్థలు రెండు మూడు గంటల సందర్శనను, మధ్యాహ్న భోజనంతో సహా అమ్ముతాయి. తరువాత టికెట్టు కొన్నవారికి ఆ రుసుమును ఛార్జీలో తగ్గించడమూ కలదు. విశాఖపట్నానికి విహార నౌకల రాక మొదలైనందున, కాశీపూర్, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు కూడా ఇది ఆలోచించవలసిన విషయమైనది.

2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి 'ఎంప్రెస్' నౌక విశాఖ నుండి పుదుచ్చేరి, చెన్నై మార్గంలో యాత్రలు ప్రారంభించింది. అది కొత్త ఓడ కాదు. 1990లో ఫ్రాన్సులో నిర్మితమై, 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో విదేశీ జలాలలో చిరకాలం తిరిగినది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో సుమారు 96 కోట్ల రూపాయల వ్యయంతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైనది. అయితే రేవు అనేది సంత కాదు. 2004 జూలై 1 నుండి అమలులో ఉన్న అంతర్జాతీయ నౌకా భద్రతా నియమావళి ప్రకారం, ముందుగా అనుమతి పొందినవారు తప్ప ఇతరులు నౌక దరికి పోరాదు. కనుక ఎవరైనా దళారి "ఓడ చూపిస్తాను, ఇంత ఇవ్వండి" అన్నచో, ఆ అనుమతి నౌకా సంస్థ పేరున లిఖితపూర్వకంగా ఉన్నదో లేదో అడగవలెను. లేనిచో ఒక్క రూపాయి కూడా ఇవ్వరాదు.

అనుమతి దొరికినదే అనుకుందాము. కాశీపూర్ నుండి రాయగడ చేరి, అక్కడ రైలెక్కి సుమారు నాలుగు గంటలు ప్రయాణిస్తే విశాఖ వస్తుంది. నలుగురున్న కుటుంబానికి రానుపోను ఖర్చులు, ఒక రాత్రి బస, భోజనాలు, పోయిన రెండు రోజుల కూలి లేక జీతం లెక్క వేస్తే, సందర్శన రుసుము వానిలో చిన్న భాగమే. సౌతాంప్టన్ పక్కన నివసించేవానికి కుదిరిన బేరం మన కొండ ప్రాంతం వారికి కుదరదు.

పైగా ఆ రెండు గంటలలో కనబడేది ఏమి? నౌక రేవులో ఆగేది పాత ప్రయాణికులు దిగి, కొత్తవారు ఎక్కే రోజున. సిబ్బంది గదులు శుభ్రం చేసే హడావిడిలో ఉంటారు. భోజనశాల, నాటకశాల, ఈత కొలను, మచ్చుకు రెండు మూడు గదులు చూపి పంపివేస్తారు. సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు చూచి ఊరుకోడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. తాళ్లతో కట్టిన ఓడను నడిపించి చూచుట సాధ్యం కాదు. అల మీద అది ఎంత ఊగుతుందో, అర్ధరాత్రి ఇంజను మోత ఏ గదికి ఎంత వినిపిస్తుందో రేవులో తెలియదు.

ఈ సంగతులు పైసా ఖర్చు లేకుండా తెలిసే దారి వేరే ఉన్నది. ప్రతి నౌకా సంస్థా అంతస్తులవారీ పటాన్ని ప్రకటిస్తుంది. ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులలో ఊపు తక్కువ. ముందు, వెనుక కొసలలో ఎక్కువ. నృత్యశాల కింద ఉన్న గదికి నిద్ర పట్టదు. కిటికీ ఉన్నదని చెప్పిన గదికి ఎదురుగా ప్రాణరక్షక పడవ వేలాడుతూ ఉండవచ్చును. ఇక సముద్రపు ఊపు ఎటువంటిదో చెప్పగలవారు మన ఊళ్లలోనే దొరుకుతారు. విశాఖ నుండి అండమాన్ దీవులకు వెళ్లే ప్రయాణికుల ఓడలలో యాభై గంటలకు పైగా గడిపి వచ్చినవారిని అడిగితే వాంతుల సంగతి దాపరికం లేకుండా చెబుతారు.

చవుక గదులకు కిటికీ ఉండదు. అందులో ఊపిరాడదేమోనని జంకేవారు విశాఖ రామకృష్ణా బీచ్‌లోని కురుసుర జలాంతర్గామిలోకి ఒకసారి వెళ్లి రావడం మేలు. 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న దానికి టికెట్టు స్వల్పమే. విహార నౌక గది అంత ఇరుకు కాదు గాని, గాలీ వెలుతురూ బయటి నుండి రాని చోట మనసు ఎలా ఉంటుందో అక్కడ తెలిసిపోతుంది.

రుసుము కట్టి చూడటం నిజంగా అవసరమైనవారు కొందరున్నారు. చక్రాల కుర్చీ లేనిదే కదలలేని పెద్దలకు స్నానపు గది గడప ఎత్తు, తలుపు వెడల్పు, లిఫ్టు దూరం ముఖ్యం. కొలతలను సంస్థ లిఖితపూర్వకంగా ఇవ్వకపోతే కళ్లతో చూడక తప్పదు. యాభై అరవై మంది బంధువులకు ఒకేసారి సొమ్ము కట్టే పెద్దకూ ఈ ఖర్చు దండుగ కాదు.

చూచి రావడం వలన ప్రయాణ మార్గానికి భరోసా మాత్రం రాదు. 2022 జూన్‌లోనే పుదుచ్చేరిలో దిగడానికి అక్కడి ప్రభుత్వ అనుమతి లభించక నౌక ఆ మజిలీని వదలవలసి వచ్చింది. తుఫాను కాలంలో ఇది మరీ సహజం. మజిలీ తప్పినచో సొమ్ము ఎంత తిరిగి వస్తుందో, పన్నులు, రేవు రుసుములు ఛార్జీలో కలిసి ఉన్నాయో లేదో టికెట్టు షరతులలో చదవాలి.

చూడకుండా ఎక్కకూడనివి గోదావరి లాంచీలు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద 'రాయల్ వశిష్ఠ' మునిగి పదుల ప్రాణాలు పోయినవి. సముద్ర నౌకలో, 2015 నుండి, కొత్తగా ఎక్కినవారికి బయలుదేరే ముందే లేక బయలుదేరిన వెంటనే రక్షణ అభ్యాసం జరపాలనే అంతర్జాతీయ నియమం ఉన్నది. పాపికొండల లాంచీలో మన తలలనూ, ప్రాణరక్షక కవచాలనూ లెక్క పెట్టుకోవలసినది మనమే. దానికి రుసుము లేదు.

ఎంప్రెస్ వంటి నౌకకు టికెట్టు తీసుకునేవారు మరొకటి సరిచూచుకోవలెను. సరిహద్దు కుటుంబాలలో ఒకే ఇంటిపేరు ఒరియా పద్ధతిలో ఒక కార్డు మీద, తెలుగు పద్ధతిలో మరొక కార్డు మీద ఉంటుంది. రేవు తనిఖీలో చూపబోయే కార్డులోని అక్షరాలే టికెట్టు మీదా ఉండవలెను. సవరణ కోరవలసినది బయలుదేరే రోజున కాదు, సొమ్ము కట్టిన రోజుననే.